వైద్యానికి నెలకెంత దాచాలి?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. నేనూ మావారూ ఇద్దరం ఉద్యోగస్తులం. పన్నెండేళ్లుగా పాప చదువుకీ మా రిటైర్మెంట్‌కీ దాచుకుంటూ వచ్చాం. మూడేళ్ల క్రితం మా నాన్నగారికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. అప్పట్నుంచి డయాలసిస్ మీదే ఉన్నారు. ఆ జబ్బు ఉందని తెలిశాక ఏ కంపెనీ పాలసీ ఇవ్వలేదు. దాచిందాంట్లో సగానికి పైగా కరిగిపోయింది. మా ప్లాన్‌లో తప్పెక్కడ జరిగింది? ఇకమీదట వైద్యానికి నెలనెలా ఎంత పక్కన పెట్టాలి?

జవాబు: మీ ప్లాన్‌లో తప్పు లేదండీ. ముందు ఆ బరువు దించుకోండి. కన్నతండ్రి ప్రాణం మీదికి వచ్చినప్పుడు అక్కరకు రాని డబ్బు ఇంకెందుకు?

రెండో ప్రశ్నకు మాత్రం నేను అంకె చెప్పలేను. ఇంటి ఆర్థిక ప్లాన్లు వేసే ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ప్రతి ప్లాన్‌లోనూ 'వైద్యం' అని ఒక గడి గీసి, అందులో ఏదో ఒక మొత్తం రాసేవాణ్ణి. కొన్నేళ్లకు మానేశాను. పాప చదువుకి డబ్బు ఏ ఏడాదిలో కావాలో మీకు తెలుసు, సుమారు ఎంత కావాలో కూడా తెలుసు. రిటైర్మెంటూ అంతే. గడువూ మొత్తమూ తెలిస్తే నెలకెంతో తేల్చడం చిటికెలో పని. జబ్బుకి గడువు లేదు, ఇంతకు మించదన్న హద్దూ లేదు. డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి దాదాపు నాలుగు గంటలు, కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప బతికినంత కాలం. దానికి సరిపడా ముందే కూడబెట్టాలంటే పాప చదువు ఆపుకోవాలి. తీరా కూడబెట్టాక ఆ జబ్బు రాకపోవచ్చు, మరోటి రావచ్చు.

ఒక్క ఇంటికి తేలని ఈ లెక్క వెయ్యి ఇళ్లు కలిస్తే తేలుతుంది. వెయ్యి ఇళ్లలో ఏడాదికి పది ఇళ్లకు పెద్ద జబ్బు వస్తుందనుకోండి. ఎవరి మటుకు వాళ్లే సిద్ధపడాలంటే వెయ్యి ఇళ్లూ మొత్తం ఖర్చు దాచుకోవాలి. అందరూ ఒకే నిధిలో వేస్తే ఆ ఖర్చులో నూరో వంతు చాలు. ఆ పది ఇళ్లు ఎవరివో చెప్పలేం గానీ పదికి అటూ ఇటూ అని చెప్పగలం.

బీమా అంటే అదేగా అంటారు. అదే, కాకపోతే ఇష్టమున్నవాళ్లు చేరే బీమాకి ఒక జబ్బు ఉంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఇప్పుడే ఎందుకులే అని బయట ఉండిపోతారు, జబ్బు భయం ఉన్నవాళ్లు ముందుగా చేరతారు. క్లెయిములు పెరిగి ప్రీమియం పెరుగుతుంది. పెరిగిందని మరికొందరు ఆరోగ్యవంతులు తప్పుకుంటారు. అందుకని కంపెనీ వయసు అడుగుతుంది, పాత జబ్బులు అడుగుతుంది, కాదంటుంది. నాన్నగారికి జరిగింది ఇదే. అందులో పనిచేసేవాళ్లు దుర్మార్గులని కాదు, ఆ ఏర్పాటు అలాగే నడుస్తుంది. వైద్యం మామూలు సరుకులా ఎందుకు అమ్ముడుపోదో అమెరికా ఆర్థికవేత్త కెన్నెత్ యారో 1963లోనే వివరంగా రాశారు.

కాబట్టి అందరూ చేరాల్సిందే. ఎవరి స్తోమతను బట్టి వాళ్లు కట్టాలి, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లు వైద్యం పొందాలి. ఇది కలగనే మాట కాదు. 1883లో జర్మనీలో అప్పటి ప్రభుత్వాధినేత బిస్మార్క్ కార్మికుల ఆరోగ్య బీమా చట్టం తెచ్చాడు. చందాలో రెండు వంతులు కార్మికుడివి, ఒక వంతు యజమానిది. బ్రిటన్ యుద్ధంలో చితికిపోయి, రేషన్ కార్డులు ఇంకా నడుస్తున్న రోజుల్లో, 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవ మొదలుపెట్టింది. కెనడాలో 1962లో సస్కాచెవాన్ రాష్ట్రం ముందడుగు వేస్తే డాక్టర్లు మూడు వారాలకు పైగా సమ్మె చేశారు. పదేళ్లు తిరిగేసరికి దేశమంతా అదే బాట పట్టింది. థాయ్‌లాండ్ 2002లో తన ప్రజలందరినీ ఆరోగ్య రక్షణ కిందికి తెచ్చినప్పుడు అదేమీ సంపన్న దేశం కాదు. డబ్బున్న దేశాలకే ఇది సాధ్యం అనేవాళ్లకు నేను మొదట థాయ్‌లాండ్ పేరే చెబుతాను.

దీన్ని సాయం అనకుండా హక్కు అని ఎందుకు అంటానో నా వృత్తి వైపు నుంచి చెబుతాను. దయ మీద ప్లాన్ వేయలేం. ఎవరో చందాలు పోగుచేస్తారనో, ఆసుపత్రి వాళ్లు కనికరించి బిల్లు తగ్గిస్తారనో కాగితం మీద రాసుకోలేం. హక్కును రాసుకోవచ్చు. 1948 డిసెంబరు 10న వెలువడిన ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటన 25వ అధికరణం వైద్యాన్నీ, జబ్బుపడ్డప్పుడు భద్రతనూ తిండి, బట్ట, ఇంటితోపాటే చేర్చింది. ఈ హామీ నిజమైన చోట మనుషులు బీమా పోతుందన్న భయంతో నచ్చని ఉద్యోగాన్ని పట్టుకు వేలాడరు. పిల్లల చదువు డబ్బు పిల్లల చదువుకే మిగులుతుంది.

ఊరికే ఇస్తే జనం దుర్వినియోగం చేస్తారని నాతో వాదించినవాళ్లున్నారు. సరదాకి వారానికి మూడుసార్లు సూది పొడిపించుకుని నాలుగేసి గంటలు కుర్చీలో కూర్చునేవాళ్లను నేనింతవరకూ చూడలేదు. పన్నులు పెరుగుతాయన్నది మాత్రం నిజమే, దానికి సూటిగా జవాబివ్వాలి. పెరుగుతాయి. కానీ మీరు ఈ మూడేళ్లూ కట్టింది కూడా పన్నులాంటిదే, జబ్బుపడ్డ ఇంటి మీద మాత్రమే వేసిన పన్ను. అమెరికా తన జాతీయోత్పత్తిలో ఆరో వంతుకు పైగా వైద్యానికే ఖర్చుపెడుతోంది, అయినా అక్కడ రెండు కోట్ల మందికి పైగా ఏ బీమా లేదు. అందరికీ వైద్యం అందించే దేశాల్లోనూ ఇబ్బందులున్నాయి. బ్రిటన్‌లో, కెనడాలో మోకాలి ఆపరేషన్ కోసం నెలల తరబడి ఎదురుచూసేవాళ్లున్నారు. ఆ బాధ చిన్నదని నేననను. అయినా ఆ వరుసలో ముందెవరో నిర్ణయించాల్సింది అవసరమే, బ్యాంకు ఖాతా కాదు.

ఈ దెబ్బ మీ ఒక్కరికే తగల్లేదు. 2019లో ప్రపంచం మొత్తం మీద దాదాపు 200 కోట్ల మంది వైద్య ఖర్చుల వల్ల ఆర్థికంగా ఇబ్బందిపడ్డారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, ప్రపంచ బ్యాంకు కలిసి లెక్కగట్టాయి.

ఇక మీ ఇంటి సంగతి. మిగిలిన రిటైర్మెంట్ డబ్బును ఇక ముట్టుకోకండి. పాప చదువుకి కొరత పడితే అప్పు పుడుతుంది, మీ వృద్ధాప్యానికి ఎవరూ అప్పివ్వరు. మీరున్న చోట ప్రభుత్వ పథకం ఏదైనా ఉంటే నాన్నగారి అర్హత మరోసారి చూడండి. వయసు మారినా ఆదాయం మారినా నిబంధనలు వర్తించే తీరు మారుతుంది. ఒకసారి కాదన్నారని వదిలేయకండి. మీ ముగ్గురికీ మాత్రం ఆరోగ్యంగా ఉన్న ఈ రోజుల్లోనే బీమా తీసుకోండి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రూపు పాలసీ ఉంటే ముందు అదే, ఎందుకంటే అక్కడ సాధారణంగా పాత జబ్బుల ఆరా తక్కువ. సంతకం పెట్టే ముందు మూడు సంగతులు చదవండి: ఏ జబ్బుకి ఎంతవరకు ఇస్తారు, పాలసీ వర్తించడానికి ఎన్నాళ్లు ఆగాలి, బిల్లులో మీ వంతు ఎంత.

ఆరు నెలల ఇంటి ఖర్చు మాత్రం విడిగా ఉంచండి. అది బిల్లుల కోసం కాదు. మనిషి మంచాన పడితే ఆగిపోయే జీతానికి, తోడున్నవాళ్లు పెట్టే సెలవులకు, రాకపోకలకు. వైద్యం పూర్తిగా ఉచితమైన చోట కూడా ఆ ఖర్చు ఇంటిదే.

ఇంకో పని కూడా చేయండి. ఈ మూడేళ్ల బిల్లులన్నీ ఒక కాగితం మీద నెలలవారీగా రాయండి. ఈసారి ఓటు అడగడానికి వచ్చినవాళ్ల చేతిలో అది పెట్టి, అందరికీ వైద్యం గురించి వాళ్లేం చేస్తారో అడగండి.