హాలు గోడకు వాల్‌పేపర్ అతికించే ముందు ఒక్కసారి దాని వెనకవైపు చూడండి

"తక్కువ ఖర్చులో మా హాలును కొత్త తరహాలో, కొంచెం సృజనాత్మకంగా అలంకరించుకోవాలని ఉంది, మీ ఇంట్లో మీరేం చేశారో చెప్పండి" అని మీరు రాసి అడిగారు. నేను డిజైనింగ్ చదివిన మనిషిని కాను. ముప్పై రెండేళ్లు ప్రభుత్వ పాఠశాలల్లో పాఠాలు చెప్పి, ఇప్పుడు నల్గొండలో సొంత ఇంట్లో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. అయినా ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు ఉందనే అనుకుంటున్నాను, ఎందుకంటే ఈ విషయంలో చేయకూడనివన్నీ డబ్బు పెట్టి మరీ చేయించుకున్నాను.

2019లో మా పెద్దమ్మాయి వరపూజ ఇంట్లోనే చేయాలని అనుకున్నప్పుడు, ఇరవై ఏళ్ల నాటి హాలు పెళ్లివారి కంటికి ఎట్లా కనిపిస్తుందోనన్న బెంగ మాకు పట్టుకుంది. ఎవరో చెప్పగా ఒక కాంట్రాక్టరును పిలిపించాము. ఆయన గోడలను ఒక్కసారైనా చేత్తో తట్టి చూడకుండానే, సోఫాలో కూర్చుని ఫోనులో వరుసగా ఫొటోలు చూపించాడు. పైన రంగు లైట్లతో ఫాల్స్ సీలింగ్, టీవీ వెనక నల్లటి పట్టీల ప్యానెల్, దక్షిణపు గోడకు నిలువెల్లా పోచంపల్లి డిజైను అచ్చువేసిన వాల్‌పేపర్ కావాలని ఆయనే తేల్చేశాడు. "ఇప్పుడు ట్రెండ్ ఇదే మేడమ్, మన పోచంపల్లే కదా" అన్న ఆ చివరి మాటకు నేను పడిపోయాను. పదకొండు అడుగుల వెడల్పు, పదహారు అడుగుల పొడవు ఉన్న ఆ హాలుకు మొత్తం లక్షన్నర దాటింది.

ఫాల్స్ సీలింగ్ గురించి ఎక్కువ చెప్పను. మా స్లాబు ఎత్తు పది అడుగులు. దాని కింద తొమ్మిది అంగుళాల మేర సీలింగ్ దిగి, ఆ కింద ఫ్యాను వేలాడేసరికి, మంచం మీద నిలబడి దోమతెర కట్టే మనిషి తల కాపాడుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. మే నెలలో నలభై నాలుగు డిగ్రీల ఎండ కాసే ఊరిలో ఇంటి ఎత్తును డబ్బిచ్చి తగ్గించుకున్న మా తెలివికి మా చిన్నమ్మాయి ఇప్పటికీ నవ్వుతుంది. ఆ రంగు లైట్లను మేము వేసింది వరపూజ రోజు ఒక్కసారే.

నేను అసలు చెప్పదలచుకున్నది ఆ వాల్‌పేపర్ సంగతి. పని వేసవిలో పూర్తయింది, వరపూజ శ్రావణంలో జరిగింది, మధ్యలో రెండు పెద్ద వానలు పడ్డాయి. బంధువులందరూ హాలులో కూర్చుని ఫలహారాలు చేస్తుండగా, మా వారితో పదో తరగతి దాకా చదివిన, పుట్టపాక అనే నేత ఊరి మిత్రుడు ఒకాయన, తరతరాలుగా మగ్గం మీద బతికే కుటుంబంలోని మనిషి, చేతిలోని ప్లేటు పక్కన పెట్టి నేరుగా ఆ గోడ దగ్గరకు వెళ్లాడు. డిజైనును మెచ్చుకుంటాడని నేను ఎదురుచూస్తున్నాను. ఆయన మోకాళ్ల మీద కూర్చుని, కింది మూల లేచిన కాగితపు అంచును రెండు వేళ్లతో పట్టుకుని, సంతలో చీర చెంగు తిప్పి చూసినట్టుగా మెల్లగా తిప్పాడు. కాగితం జానెడు మేర ఊడి ఆయన చేతికి వచ్చింది. వెనక తెల్లటి పొర, దాని మీద నల్లటి బూజు చుక్కలు, గోడ మీద ఉబ్బి పొడి రాలుతున్న ప్లాస్టరు కనిపించాయి.

"ఏం చూస్తున్నవ్ రా?" అని మా వారు అడిగితే, "ఎన్క దిక్కు సూస్తున్న. మన బట్టైతే ఎన్క, ముందు ఒక్క తీరుగుంటది. గిది ఎన్క ఒట్టి తెల్లగున్నది" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి గొంతు తగ్గించి, "వదినా, గోడకు నిమ్ము పట్టింది, సూసుకోండ్రి" అన్నాడు. పెళ్లివారు వినలేదనే ఇప్పటికీ నమ్ముతున్నాను.

ఆ మనిషి చేసింది నిజానికి ఎవరైనా చేయగలిగిన పరీక్ష. పోచంపల్లి నేతను ఇక్కత్ అంటారు. అందులో రంగును నేసిన బట్ట మీద అద్దరు, నూలునే నేయక ముందు రంగులో ముంచుతారు. డిజైను ప్రకారం నూలు పోగులకు అక్కడక్కడ గట్టిగా కట్లు కట్టి, అంటే మా వైపు మాటలో చిటికీ కట్టి, రంగులో ముంచితే, కట్టు కింద ఉన్న భాగానికి రంగు ఎక్కదు. ఆ కట్లకు పాత సైకిల్ ట్యూబుల నుంచి కోసిన రబ్బరు పట్టీలు వాడటం నేను స్వయంగా చూశాను. రంగు పోగులోకే ఇంకుతుంది కాబట్టి బట్టకు బోర్లా, వెల్లకిలా అనే తేడా ఉండదు, పువ్వు అంచు గీత గీసినట్టుగా కాకుండా కొంచెం చెదిరినట్టు ఉంటుంది. అచ్చువేసిన బట్టలో అంచు కత్తిరించినట్టుగా ఉంటుంది, వెనకవైపు వెలిసిపోయినట్టు ఉంటుంది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో భౌగోళిక గుర్తింపు, అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెందుతుందన్న చట్టబద్ధమైన ముద్ర, వచ్చినా, పోచంపల్లి పేరుతో అచ్చు దుప్పట్లు, అచ్చు కర్టెన్లు మన జిల్లా కేంద్రంలోనే గుట్టలుగా అమ్ముతున్నారు. నేసే ఊళ్లు ఉమ్మడి జిల్లాలోనే ఉండగా, ఆ డిజైనును ప్లాస్టిక్ కాగితం మీద కొని గోడకు అతికించుకున్న నాకు ఇతరులను అనే హక్కు లేదని తెలిసినా అంటున్నాను.

వరపూజ ముగిసిన వారానికే కాగితం మొత్తం పీకించాము. ఆ గోడకు అవతలివైపు బాత్రూము ఉంది. టైల్స్ మధ్య సందులు విడిపోయి నీరు ఏళ్ల తరబడి గోడలోకి ఇంకుతున్నదట. అంతకుముందు కొంత ఆరిపోయే తడిని ఇప్పుడు ప్లాస్టిక్ పొర బయటకు రానీయకుండా లోపలే బంధించింది. బాత్రూము సందులు పూడ్పించి, నాలుగు అడుగుల ఎత్తు దాకా పాత ప్లాస్టరు చెక్కించి, కొత్తది వేయించి, ఒక ఎండాకాలం మొత్తం ఆ గోడను అట్లాగే వదిలేశాము. తరువాత రంగులు వేసే యువకుడు మళ్లీ ప్లాస్టిక్ పెయింటే వేద్దామన్నాడు. నేను సున్నం వేయమన్నాను. ఆయన నన్ను చూసిన చూపు, ఎడ్లబండి మీద హైదరాబాదు పోదామన్న మనిషిని చూసినట్టుగా ఉంది.

దేవరకొండ వైపు ఉన్న మా అమ్మగారి ఇంట్లో ప్రతి దసరాకు ముందు గోలెంలో సున్నపురాయి నానబోసేవారు. అది సలసల కాగి చల్లబడ్డాక, వడగట్టి, తుమ్మబంక నీళ్లు, చిటికెడు నీలిమందు కలిపి, నారకుంచెతో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా పూసేవారు. గోడ అడుగున మూరెడు మేర జాజు, అంటే ఎర్రమట్టి రంగు, పట్టీ వేసేవారు. ఆ జాజు పట్టీ అందానికే కాదు, వాన చినుకులకు ఎగిరే ఎర్రమట్టి మరకలు కనబడకుండా కూడా పనికివచ్చేది. సున్నం గోడలోని తడిని బయటకు వదులుతుంది, ప్లాస్టిక్ పెయింటు వదలదు. ఇదే సున్నపు పూతను ఇప్పుడు నగరాలలో 'లైమ్ వాష్' అనే పేరుతో, చదరపు అడుగుకు ఇంత అని లెక్కగట్టి, అధునాతన డిజైనుగా అమ్ముతున్నారని మా అల్లుడు చెబితే, మా అమ్మ బతికి ఉంటే ఎంత సంపాదించేదో అని లెక్క వేసుకున్నాను. ఆ దక్షిణపు గోడకు సున్నం తప్ప ఈనాటికీ ఏమీ తగిలించలేదు. ఇంటికి వచ్చినవారు ముందుగా చూసేది ఆ గోడనే.

పుట్టపాక మిత్రుడు తరువాతి ఏడాది తేలియా రుమాలు అనే ఇక్కత్ గుడ్డ ఒకటి తెచ్చాడు. నేతలో ఒక మూల పేక, అంటే అడ్డపోగు, పావు అంగుళం జరిగి, చతురస్రం గీతలు కలవలేదు. అమ్మకానికి పనికిరాదని పక్కన పెట్టిన ముక్క అది. తేలియా రుమాలులో నిలువు పోగులైన పడుగుకు, పేకకు రెండింటికీ చిటికీ కడతారు కాబట్టి అవి మగ్గం మీద సరిగ్గా కలవాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా కంటికి తెలుస్తుంది. నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద కలిపిన నీళ్లలోనూ మళ్లీ మళ్లీ నానబెట్టి పదును చేస్తారు. తేల్ అంటే నూనె, అందుకే ఆ పేరు. ఎరుపు, నలుపు, తెలుపు రంగులే ఉంటాయి. చీరాలలో పుట్టి, ఒకప్పుడు అరబ్బు దేశాలకు తలగుడ్డలుగా వెళ్లిన ఈ నేత పుట్టపాకలో నిలిచింది, 2020లో దీనికీ భౌగోళిక గుర్తింపు వచ్చింది. మేము దానిని అద్దాల చట్రంలో బిగించకుండా, పై అంచుకు గొట్టంలా కుట్టు వేసి, వెదురు కర్రకు ఎక్కించి ఇంకో గోడకు వేలాడదీశాము. "గోడకు నూనె గుడ్డ కట్టుడేంది బిడ్డా" అని మా అత్తగారు మూడు నెలలు అన్నారు. వాసన నిజంగానే ఉండేది. మొదట దానిని పడమటి కిటికీకి ఎదురుగా కడితే, ఆ మిత్రుడే వచ్చి, సాయంత్రపు ఎండకు రంగు పోతుందని తిట్టి, ఎండ తగలని గోడకు మార్పించాడు. గీతలు కలవని ఆ మూలను మా మనుమడు ప్రతిసారీ వేలితో తడుముతాడు.

ఇక వెలుతురు విషయం. రుమాలులోని ఎరుపు, తెల్లటి ట్యూబులైటు కింద ఎండిన మిరపకాయ పొట్టులా కనిపించేది. బల్బు పెట్టె మీద కెల్విన్ అంకె రాసి ఉంటుంది. 6500 ఉన్నది తెల్లని వెలుగు, 2700 నుంచి 3000 మధ్య ఉన్నది పసుపు వెలుగు. రెండు వందల రూపాయలకు 3000 అంకె ఉన్న బల్బు ఒకటి తెచ్చి పక్కనుంచి పడేటట్టు పెడితే, అదే గుడ్డకు ప్రాణం వచ్చింది. లక్షన్నర ఖర్చులో ఈ పని ఎవరూ చెప్పలేదు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి, ఎవరికైనా కోపం వస్తే రానివ్వండి. ఈ మధ్య హైదరాబాదులో మా బంధువుల ఇంట్లో, ఆసు పోసే, అంటే నేతకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి అమర్చే, పాత చెక్క చట్రాన్ని గోడకు బిగించి, మేకుల మధ్య చిన్న బల్బులు చుట్టి 'ఆర్ట్ పీస్' అని చూపించారు. ఒక్క చీరకు ఆ చట్రం మీద చేయి తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం కనిపెట్టారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆ చట్రం అటకెక్కినందుకు నేత ఇళ్ల ఆడవాళ్లు సంతోషించారు. దాని చుట్టూ మినుకుమినుకు బల్బులు చూసినప్పుడు నాకు మాట రాలేదు, టీ తాగి వచ్చేశాను. పోచంపల్లికి వెళ్లి బట్ట కొనండి, అంతగా ముచ్చటైతే దానినే వేలాడదీయండి.

మీ హాలు గోడలు ఎట్లా ఉన్నాయో మీరు రాయలేదు. ఏది కొనే ముందైనా, అరచేతికి రెండింతల పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అతికించి రెండు రోజులు వదిలేయండి. గోడవైపు చెమ్మ పట్టిందంటే, కాగితమూ ప్యానెలూ మాట పక్కన పెట్టి ముందు ప్లంబరును పిలవండి. మా ఇంట్లో మిగిలిన వాల్‌పేపర్ చుట్టతో మనుమడి పుస్తకాలకు అట్టలు వేశాము, వాన నీళ్లు పడినా అవి మాత్రం చెక్కుచెదరలేదు.