ఎండ ఉన్నా సోలార్ ఎందుకు ఆగింది?

ప్రశ్న: మా డాబా మీద 3 కిలోవాట్ల సోలార్ ఉంది. మిట్టమధ్యాహ్నం లైన్ కరెంటు పోతే ఇదీ ఆగిపోతోంది. ఇన్వర్టర్ పాడైందా?

జవాబు: లేదండీ, టెన్షన్ పడకండి. బ్యాటరీ లేకుండా, లైన్ కరెంటుతో కలిసి నడిచే గ్రిడ్ ఇన్వర్టర్ అలాగే ఆగాలి. లైన్లో కరెంటు లేదనుకుని స్తంభం ఎక్కిన మనిషికి మీ ఇంటి నుంచి కరెంటు పారితే ప్రాణం పోతుంది. అందుకే లైన్ పోగానే 2 సెకన్లలోపే అది తప్పుకుంటుంది. నేను ఏ ఇంట్లో బిగించినా, మెయిన్ ఆపి ఇంట్లోవాళ్లకు ఇది చూపించాకే మెట్లు దిగుతాను. కరెంటు వచ్చాక కూడా కాసేపు లైన్‌ను గమనించి గానీ కలవదు, బటన్లు నొక్కకండి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఇన్వర్టర్ ఆగినా, ఎండలో ప్యానెళ్ల వైర్లలో వందల వోల్టులు ఉంటాయి. ఆ కనెక్టర్లు ఊడదీయొద్దు. కరెంటు పోయినప్పుడూ ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీతో హైబ్రిడ్ ఇన్వర్టర్ పెట్టించుకోవాలి.