అప్పులు తీర్చే తొందరలో అకౌంట్ ఖాళీ చేసుకోకండి

మియాపూర్ నుంచి ఒకాయన రాశారు. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లీడ్‌గా చేసేవారట, పోయిన ఏడాది లేఆఫ్‌లో ఉద్యోగం పోయింది, కొన్నాళ్ళు ఖాళీగా ఉండి ఇప్పుడు సొంతంగా టెస్టింగ్ కాంట్రాక్టులు చేసుకుంటున్నారు. ఈ నెల ఒక క్లయింటు 7 లక్షల బిల్లు క్లియర్ చేస్తే టీడీఎస్ (క్లయింటు ముందే కోసి కట్టే పన్ను) పోను 6 లక్షల 30 వేలు చేతికొచ్చాయి. ఖాళీగా ఉన్నప్పుడు బావమరిది 3 లక్షలు, ఫ్రెండ్ లక్షన్నర, నాన్నగారు 2 లక్షలు ఇచ్చారు, భార్య బంగారం మీద బ్యాంకులో 4 లక్షలు తెచ్చారు. ఆయన ప్రశ్న ఇదీ: "వీళ్ళు లేకపోతే మేం ఏమైపోయేవాళ్ళమో. బావమరిదికీ ఫ్రెండ్‌కీ రూపాయి వడ్డీ కలిపి కవర్లో క్యాష్ పెట్టి ఇచ్చేసి, మిగిలింది బంగారానికి కట్టి, అందర్నీ భోజనానికి పిలిచి బట్టలు పెడదామనుకుంటున్నా. సరేనా?"

భోజనానికి తప్పకుండా పిలవండి, అది మాత్రం వాయిదా వేయకండి. మీ ఉత్తరంలో ఒక్కొక్కరి గురించి ఎంత ప్రేమగా రాశారో చూశాక ఆ మాట వాళ్ళ ఎదురుగా కూడా చెప్పాలనిపించింది. మొదటి కాంట్రాక్టు ఇప్పించిన పాత మేనేజర్నీ, రెండు నెలలు అద్దె అడక్కుండా ఆగిన ఇంటి ఓనర్నీ కూడా పిలవండి. వాళ్ళు డబ్బు ఇవ్వలేదని లిస్టులో రాయలేదేమో గానీ వాళ్ళు చేసింది చిన్న సాయం కాదు.

కానీ 6 లక్షల 30 వేలూ ఒకేసారి పంచేయడం వద్దండీ. మీ ఇంటి ఖర్చు 60 వేలు, మీ ఆవిడ స్కూల్ జీతం 28 వేలు అన్నారు, అంటే నెలకి 32 వేలు మీ పని నుంచే రావాలి, మీ పనిలో బిల్లు పెట్టిన రెండు మూడు నెలలకి గానీ డబ్బు రాదు, మధ్యలో ఒక కాంట్రాక్టు ఆగిందంటే మళ్ళీ ఆ బావమరిదినే చేబదులు అడగాలి. వాళ్ళు మీకిచ్చింది మీరు నిలదొక్కుకోవాలని. అందుకని ముందు 2 లక్షలు, అంటే సుమారు ఆరు నెలల లోటు, వేరే అకౌంట్లో ఎఫ్‌డీ చేసి పెట్టండి, దాన్ని మర్చిపోండి. చీటీ వేద్దామా అని కూడా అడిగారు, ఇప్పుడొద్దు, నెలనెలా కిస్తీ కట్టి తీరాలి, మీ రాబడి అలా నెలనెలా వచ్చేది కాదు.

ఇక ఎవరికి ముందు? ఎవరు దగ్గరివాళ్ళు అని కాకుండా ఎవరికి ఇప్పుడు అవసరం ఉంది అని చూడండి. ఫ్రెండ్ కూతురికి జూన్‌లో కాలేజీ ఫీజు కట్టాలని మీరే రాశారు, నోరు తెరిచి అడగలేదని కూడా రాశారు. ఆయన లక్షన్నర ఈ వారమే ఇచ్చేయండి. బావమరిదికి ఇప్పుడు 50 వేలు ఇచ్చి, మిగతాది నెలకి 20 వేల చొప్పున ఇస్తానని తేదీతో సహా చెప్పండి, బిల్లు లేటైతే ఆ తేదీకి ముందే మీరే ఫోన్ చేయండి, ఇచ్చినవాళ్ళకి డబ్బు ఆలస్యం కన్నా కబురు లేకపోవడమే ఎక్కువ బాధ.

రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, 3 లక్షల మీద 36 వేలు. నోటు కూడా రాయించుకోకుండా ఇచ్చినాయన చేతిలో వడ్డీ పెడితే చిన్నబుచ్చుకుంటారు. మనసు ఆగకపోతే బాకీ తీరాక వాళ్ళ పాపకి ఏదైనా కొనిపెట్టండి.

క్యాష్ కవర్లు మాత్రం అస్సలు వద్దు. 20 వేలు, ఆపైన అప్పు క్యాష్‌లో తీసుకోకూడదు, క్యాష్‌లో తీర్చకూడదు, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళు ఆ మొత్తానికి సమానంగా పెనాల్టీ వేయొచ్చు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ చేసి "చేబదులు వాపసు" అని రాయండి. ఫ్రెండ్ ఇచ్చింది అప్పే అని అలా రికార్డు ఉండటం మంచిది, ఎందుకంటే బంధువులు కానివాళ్ళు ఏడాదిలో 50 వేలు దాటి ఊరికే ఇస్తే అది మీ ఆదాయం కింద లెక్క. నాన్నగారు ఇచ్చినదానికి ఆ బాధ లేదు. ఆయన వాపసు తీసుకోనంటున్నారు కదా, పట్టుబట్టకండి, బిల్లులు ఇంకాస్త కుదురుకున్నాక అమ్మానాన్నల పేరున హెల్త్ పాలసీ తీసుకోండి, 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. మీ నలుగురికీ అయితే ఆగొద్దు, కంపెనీ ఇన్సూరెన్స్ ఉద్యోగంతోనే పోయింది, ఇప్పటిదాకా ఏ ఇన్సూరెన్సూ లేకుండా ఉన్నారు. ఒక 30 వేలు దానికి పక్కన పెట్టండి.

మిగిలిన 2 లక్షలు బంగారానికి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఎవరెవరికి రుణపడ్డారో అంత వివరంగా రాసి, మీ ఆవిడ దగ్గరికొచ్చేసరికి "తనదేముంది, ఇంట్లో మనిషే కదా" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆ నెలల్లో ఇల్లు నడిచింది ఆమె జీతంతోనే, తాకట్టులో ఉన్నదీ ఆమె ఒంటి మీద బంగారమే. నా లెక్కలో ఆమె పేరు అందరికన్నా పైన ఉండాలి. గొలుసు, గాజులు విడివిడిగా రెండు లోన్లలో పెట్టి ఉంటే ఒకటి పూర్తిగా కట్టేసి వస్తువు ఇంటికి తెచ్చేయండి, వడ్డీ తగ్గుతుంది, ఆమెకీ ధైర్యం. మీ పాప పేరున ఉన్న సుకన్య సమృద్ధి పొదుపు ఖాతాలో పోయిన ఏడాది ఏమీ కట్టలేదన్నారు కదా, కనీసం కట్టాల్సిన 250కి 50 పెనాల్టీ కలిపి కడితే మళ్ళీ నడుస్తుంది, అది కూడా ఈ నెలే చేసేయండి.

కోసేసిన 70 వేల టీడీఎస్ గురించి దిగులు పడకండి. మీ పని టెక్నికల్ కన్సల్టెన్సీ కిందకి వస్తే ప్రిజంప్టివ్ పద్ధతిలో, అంటే ఖర్చులకి లెక్కలు చూపకుండా అంచనాగా, బిల్లుల మొత్తంలో సగమే ఆదాయంగా చూపించొచ్చు. ఏడాదికి 14 లక్షలు బిల్ చేస్తానన్నారు, సగం 7 లక్షలు, కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా పన్ను పడదు కాబట్టి వేరే ఆదాయం లేకపోతే రిటర్న్ వేశాక అది వెనక్కి వస్తుంది. వేసేముందు ఆడిటర్‌కి మీ కాంట్రాక్టు ఒకసారి చూపించండి. బిల్లులు ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ కావాలి, దానికి ఇంకా టైముంది. రిఫండ్ వచ్చాక అది రెండో గోల్డ్ లోన్‌కే పోవాలి.

గోల్డ్ లోన్ రసీదుల్లో ఏ లోన్ ఎంత, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు అన్నది చూసి రాయండి, ఏది ముందు క్లోజ్ చేయాలో చెప్తాను.