నడుముకి రివాల్వర్ కట్టుకునే అల్లుడికి

చిరంజీవి అల్లుడికి,

పర్లాకిమిడి నుంచి మీ మామయ్య ఆశీస్సులు. నీకు లైసెన్స్ వచ్చిందని, కాన్పూర్ ఫ్యాక్టరీలో తయారైన రివాల్వర్ కొన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మాట్లాడుతున్నంతసేపూ దాని గొంతు వణుకుతూనే ఉంది. సంతలకి నగదు పట్టుకెళ్లి జీడిపిక్కలు కొని, చీకటి పడ్డాక గుణుపూరుకి బండి మీద ఒక్కడివే తిరిగొస్తావు. నీ అవసరం నాకు తెలుసు. అదే వ్యాపారం, అదే పాయింట్ 32 బోరు రివాల్వర్, ఇరవై రెండేళ్లు నేనూ మోశాను. ఒక్కసారి కూడా పేల్చాల్సిన పని పడలేదు. పడకుండా చూసుకోవడానికి ఏం చేశానో నీకు చెప్పాలి.

ముందు ఒర సంగతి. తుపాకీకి ఎంత పెట్టావో గానీ, ఒర దగ్గర, బెల్టు దగ్గర పిసినారితనం వద్దు. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోయేలా, నీ రివాల్వర్ కొలతకి కుట్టిన గట్టి తోలు ఒర కావాలి. పైన బొత్తాంతో బిగించే పట్టీ ఉండాలి. బెల్టు మెత్తగా ఉంటే గుంతల రోడ్డు మీద ఒర ఊగుతుంది, అవసరం పడినప్పుడు చేతికి దొరకాల్సిన చోట దొరకదు. కుడి తుంటి ఎముకకి కొంచెం వెనకగా కట్టుకో. నడుం మధ్యలో వెన్నెముక మీద కట్టుకుంటే బండి మీంచి పడ్డ రోజున మంచాన పడతావు. ఒర లేకుండా ప్యాంటులో దోపుకోవడం, బండి డిక్కీలో వెయ్యడం, డబ్బు సంచిలో పెట్టడం ఎప్పుడూ చెయ్యకు. సంచి లాక్కుపోయినవాడి చేతికి తుపాకీ కూడా వెళ్తుంది. పైన వదులు చొక్కా వేసుకో, ఎవరికీ కనబడకూడదు. సంచి ఎప్పుడూ ఎడమ చేతిలోనే ఉండాలి.

ప్రాక్టీసు ఇంట్లో, ఖాళీ తుపాకీతో చెయ్యి.  రివాల్వర్ మడత విప్పగానే తూటాలు పైకి లేస్తాయి, వాటిని అరచేతిలోకి వంపుకుని ఆరూ లెక్కపెట్టి, వేరే గదిలో పెట్టి తాళం వేసి రా. తర్వాత చిటికెన వేలితో రివాల్వర్‌లో తూటాలు కూర్చునే ఆరు గదులూ ఒక్కొక్కటే తడుము. ఇప్పుడే చూశాను కదా అనుకున్నా మళ్లీ తడుము. అప్పుడు ఎడమ చేత్తో చొక్కా ఎత్తడం, కుడి చేత్తో పిడి నిండుగా పట్టడం, నిదానంగా పైకి తియ్యడం. చూపుడు వేలు ట్రిగ్గర్ బయట, ఇనుము మీద చాచి ఉండాలి. కాల్చాలని నిర్ణయించుకున్న క్షణం దాకా అది లోపలికి వెళ్లకూడదు. గొట్టం ఎటు తిరిగి ఉందో ప్రతి క్షణం తెలియాలి. తిరిగి ఒరలో పెట్టేటప్పుడు ఇంకా నెమ్మది, చూసుకుంటూ పెట్టు. చొక్కా అంచు ట్రిగ్గర్‌కి తగులుకుందంటే నీ తొడే పోతుంది. ఏడాదికి రెండుసార్లయినా షూటింగ్ రేంజ్‌కి వెళ్లి అసలు తూటాలు పేల్చు. పాతవి అలా ఖర్చవుతాయి, చప్పుడుకి చెవి అలవాటు పడుతుంది.

మన వానాకాలం నీకు తెలిసిందే. తోలు చెమ్మ పట్టి ఇనుముకి తుప్పు తెస్తుంది. అందుకని ఇంటికి రాగానే ఒరలోంచి తీసి, చెమట తుడిచి, పల్చగా నూనె రాసి ఇనప్పెట్టెలో పెట్టు. తాళంచెవి పిల్లలకి ఎక్కడుందో కూడా తెలియకూడదు.

ఇప్పుడు అసలు విషయం. ఒకసారి సంతలో కాటా దగ్గర తూకం తేడా వచ్చింది. మాటా మాటా పెరిగి ఒక దళారీ నా కాలరు పట్టుకున్నాడు. నాకు తెలియకుండానే నా కుడి చెయ్యి చొక్కా కిందకి పోయింది. ఒర బొత్తాం ఊడిన చిన్న చప్పుడు నాకు వినబడింది, వాడికి వినబడలేదు. వాడి రెండో చేతిలో ఉన్నది గుప్పెడు జీడిపిక్కలు. ఆ బేరం అక్కడే వదిలేసి వచ్చేశాను. ఆ రాత్రి అన్నం దిగలేదు. అప్పటి నుంచి నడుముకి తుపాకీ ఉన్న రోజున ఎవరితోనూ వాదన పెట్టుకోలేదు. ఎవరైనా తిట్టినా, తోసినా నేనే పక్కకి తప్పుకున్నాను. నువ్వూ తప్పుకోవాలి అల్లుడూ. అది కట్టుకున్న రోజు చుక్క మందు కూడా ముట్టకు.

డబ్బు అడిగితే ఇచ్చెయ్యి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చినా ఆత్మరక్షణ హక్కు అలాగే ఉంది. ప్రాణం పోతుందని, తీవ్రమైన గాయం అవుతుందని నిజంగా భయపడాల్సిన పరిస్థితిలో ఆ హక్కు ప్రాణం తీసేదాకా కూడా వెళ్తుంది. అయితే కాపాడుకోవడానికి అవసరమైనంత మేరకే. సంచి పట్టుకుని పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి ప్రాణభయం అంటే ఎవరు నమ్ముతారు? పెళ్లి ఊరేగింపుల్లో గాల్లోకి పేల్చమని మనవాళ్లే అడుగుతారు. ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత అలా జనానికి ప్రమాదం తెచ్చేలా పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష దాకా జుర్మానా, లేదా రెండూ. నువ్వు ససేమిరా అను.

ఇంకొకటి, మన సరిహద్దు. లైసెన్స్ బుక్కులో ఏ ప్రాంతానికి చెల్లుతుందో రాసి ఉంటుంది, చదువుకో. ఒడిశా వరకే అని ఉంటే ఆంధ్రా వైపున్న పాతపట్నంలో అది చెల్లదు. మనకి అది పక్క వీధిలాంటిది, టీ తాగడానికి కూడా వెళ్తాం. నేను అలాగే మర్చిపోయి నడుముకి ఉంచుకుని వెళ్లి, తనిఖీలో దొరికిపోయాను. రివాల్వర్ జప్తు అయింది. ఆ కేసు వాయిదాలకి తిరిగిన రోజుల్లోనే మీ అత్త గాజులు తాకట్టుకి వెళ్లాయి. అందుకని అటు వెళ్లే రోజు ఇంట్లో పెట్టెలో పెట్టి వెళ్లు. తరచూ వెళ్లాల్సి వస్తే ఆంధ్రాకి కూడా చెల్లేలా రాయించుకోవడానికి దరఖాస్తు పెట్టు. ఎలక్షన్లప్పుడు స్టేషన్లో జమ చెయ్యమని కబురొస్తే వెంటనే ఇచ్చి రసీదు తీసుకో.

వచ్చే ఆదివారం కాశీనగర్ మీదుగా రా. ఒర, బెల్టు, లైసెన్స్ బుక్కు తెచ్చుకో, రివాల్వర్ ఖాళీగా తీసుకురా, తూటాలు ఇంట్లోనే వదిలెయ్యి. పెరటి అరుగు మీద కూర్చుని బెల్టు ఎక్కడ బిగించాలో చూపిస్తాను. మీ అమ్మని కూడా వెంటబెట్టుకుని రా, నువ్వు ఆరు గదులూ వేలితో తడమడం అది కళ్లారా చూడాలి.

మీ మామయ్య