ఐఈఎల్‌టీఎస్ వ్యాసం 6 దగ్గరే ఆగిపోతుంటే

నమస్కారమండీ. వ్యాకరణ దోషాలు పెద్దగా లేకపోయినా ఐఈఎల్‌టీఎస్ (ఇంగ్లిషు ప్రావీణ్య పరీక్ష) రైటింగ్‌లో రెండుసార్లూ 9కి 6 మాత్రమే వచ్చిందని రాశారు. మీరు జతచేసిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. లోపం మీ ఇంగ్లిషులో కన్నా ప్రశ్నను అర్థం చేసుకున్న తీరులోనే ఎక్కువగా కనిపించింది.

విశ్వవిద్యాలయ చదువు అందరికీ ఉచితంగా ఉండాలన్న వాదనతో ఎంతవరకు ఏకీభవిస్తారని ప్రశ్న అడిగింది. మీరు ఒక పేరాలో లాభాలు, మరో పేరాలో నష్టాలు చెప్పి, మీ అభిప్రాయాన్ని చిట్టచివరి వాక్యంలో గానీ బయటపెట్టలేదు. మీ పక్షమేదో ఉపోద్ఘాతంలోనే స్పష్టం చేసి, తర్వాతి ప్రతి పేరా దానినే బలపరిచేలా నడపండి. ‘చదువు చాలా ముఖ్యం’ అని మూడుసార్లు రాసిన చోట, ఫీజు కట్టలేక డిగ్రీ మధ్యలో మానేసిన విద్యార్థి ఏ అవకాశాలు కోల్పోతాడో రెండు వాక్యాల్లో వివరిస్తే వాదనకు బలం వస్తుంది.

‘ఇన్ దిస్ మోడర్న్ ఎరా’ వంటి బట్టీపట్టిన ఎత్తుగడలను వదిలేయండి. ‘డోంట్’ బదులు ‘డు నాట్’ రాయండి. ‘మోర్ఓవర్’ ప్రతి వాక్యానికీ అక్కరలేదు.

మొత్తం 60 నిమిషాల్లో మొదటి ప్రశ్నకు 20 మించనివ్వకండి, ఎందుకంటే కనీసం 250 పదాలు రాయవలసిన ఈ రెండో ప్రశ్నకు దానికి రెట్టింపు విలువ ఉంటుంది. ఆ 40 నిమిషాల్లో మొదటి ఐదూ ఆలోచనకే కేటాయించి, ఇదే ప్రశ్నకు మళ్లీ రాసి పంపండి, తప్పకుండా చూస్తాను.