ఉచిత ఈమెయిల్‌లో అంత స్టోరేజీ ఎలా ఇస్తున్నారు?

ఇస్తామన్న జాగాను చాలామంది పూర్తిగా వాడరు కాబట్టే ఉచిత ఈమెయిల్ కంపెనీలు అంత ధారాళంగా ఇవ్వగలుగుతున్నాయి. ఉదాహరణకు జీమెయిల్ ఇస్తామనే 15 జీబీని మీ పేరు మీద విడిగా తీసిపెట్టి ఉంచరు, మెయిళ్లు వచ్చేకొద్దీ డిస్కులో చోటు ఇస్తారు. డిస్కులు చవకవుతూ వచ్చాయి, ప్రకటనల ఆదాయం ఎలాగూ ఉంది.

2004 ఏప్రిల్ 1న జీమెయిల్ 1 జీబీ ఇస్తామంటే చాలామంది ఏప్రిల్ ఫూల్ అనుకున్నారు. అప్పట్లో హాట్‌మెయిల్ ఇచ్చేది 2 ఎంబీ, యాహూ 4 ఎంబీ. నాలుగు పెద్ద ఫొటోలొస్తే చాలు, ఇన్‌బాక్స్ నిండిపోయి తర్వాతి మెయిల్ తిరుగుటపాలో వెళ్లిపోయేది. నిజంగా నరకమే అది. జీమెయిల్ దెబ్బకు యాహూ అదే ఏడాది 100 ఎంబీకి పెంచింది, 2007లో అసలు పరిమితే లేదంది.

చాలామంది పొరబడేది ఒకచోట: జీమెయిల్ 15 జీబీ మెయిళ్లకే అనుకుంటారు. గూగుల్ డ్రైవ్, ఫొటోలు కూడా అందులోంచే తింటాయి. ఫోన్‌లోని వీడియోలు బ్యాకప్ అయి ఖాతా నిండినా కొత్త మెయిళ్లు ఆగిపోతాయి. డిలీట్ చేసినవి కూడా ట్రాష్‌లో ఉన్నంతకాలం లెక్కలోకే వస్తాయి.