54 వేల మిగులులో చేతికి వచ్చేదెంత?

ప్రశ్న: మాది చిత్తూరు. నేను ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని. మావారు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తారు. మెల్‌బోర్న్‌లో ఉన్న అక్కావాళ్ల దగ్గరికి మే 5న వెళ్లి జూన్ 9న తిరిగి రావాలని అనుకుంటున్నాం. వీసాలు వచ్చాయి. పాపకి ఐదేళ్లు, బాబుకి జూన్ 4కి రెండేళ్లు నిండుతాయి. చెన్నై నుంచి సింగపూర్ మీదుగా ఏజెంటు మూడు రకాలు చూపించాడు. రెండున్నర గంటల్లో విమానం మారేదైతే అందరికీ కలిపి 2,58,000. అదే సంస్థలో వెళ్లేటప్పుడు సింగపూర్‌లో 14 గంటలు ఆగేదైతే 2,04,000. ఉదయం 6కి దిగి రాత్రి 8కి ఎక్కాలి. తిరుగు ప్రయాణం రెండింట్లోనూ ఒకటే. ఇక రెండు చవక విమానాలకి విడివిడిగా టికెట్లు తీసుకుంటే 1,72,000. మేం 14 గంటలదే తీసుకుందామని ఉన్నాం. 3 లక్షల చీటీ పాడి టికెట్లు కొని, మిగిలే 54,000 పాప పేరున సిప్‌లో (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో కట్టే పొదుపు) వేయాలని ఆలోచన. చీటీ ఇప్పుడు పాడితే 55,000 దాకా వదులుకోవాలి. 2 లక్షల ఎఫ్‌డీ ఒకటి ఉంది కానీ దాన్ని కదిలించడం మావారికి ఇష్టం లేదు. చిన్నపిల్లలతో ఆ 14 గంటలు ఎలా గడపాలి? మా లెక్క సరైనదేనా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో రెండు అంకెలు పక్కపక్కనే ఉన్నాయి, చూశారా? టికెట్లో మిగిలేది 54,000. చీటీ పాటలో వదులుకునేది 55,000. పిల్లల్ని పట్టుకుని 14 గంటలు పరాయి ఊళ్లో కూర్చుని సంపాదించింది ఒక్క పాటతో పోతుంది, పైన మరో వెయ్యి చేతి నుంచి పడుతుంది. చీటీని చివరిదాకా ఉంచండి, టికెట్లకి ఎఫ్‌డీ తీయండి. ఎఫ్‌డీ మధ్యలో తీస్తే బ్యాంకులు సాధారణంగా అర శాతం నుంచి ఒక శాతం వరకు వడ్డీ తగ్గిస్తాయి. 2 లక్షల మీద ఏడాదికి అది మహా అయితే 2,000. ఎఫ్‌డీ ముట్టుకోకూడదన్న మీవారి పట్టుదల మంచిదే. కానీ ఆ పట్టుదల ఖరీదు 53,000 అని ఆయనకి చూపించండి. లెక్కలు చూసే మనిషి కదా, ఒప్పుకుంటారు.

ఇక టికెట్ సంగతి. మూడో రకాన్ని ముందే పక్కన పెట్టేద్దాం. విడివిడి టికెట్లంటే మొదటి విమానం ఆలస్యమైతే రెండో సంస్థకి సంబంధం లేదు. ఆ టికెట్లు పోయినట్టే, అప్పటికప్పుడు నలుగురికి మళ్లీ కొనాలి. పైగా సింగపూర్‌లో సామాను మీరే తీసుకుని, ఇమ్మిగ్రేషన్ దాటి బయటికొచ్చి, మళ్లీ చెకిన్ చేయాలి. ఒకరి చంకలో బాబు, ఇంకొకరి చేతిలో పాప, నాలుగు పెద్ద పెట్టెలు. చవక విమానాల్లో ఆ పెట్టెలకీ భోజనానికీ విడిగా కట్టాలి కాబట్టి 1,72,000 అన్నది అక్కడితో ఆగదు. ఒంటరిగా తిరిగే కుర్రాళ్లకి అది బాగుంటుంది.

మిగిలినవి రెండు. వీటిని పోల్చేటప్పుడు రెండింట్లో తేడా ఉన్న ఖర్చులే చూడాలి. చిత్తూరు నుంచి చెన్నై విమానాశ్రయానికి కారు బాడుగ, అక్కావాళ్లకి తీసుకెళ్లే పచ్చళ్లు, బీమా ఇవన్నీ ఏ టికెట్ తీసుకున్నా ఒకటే. వాటిని లెక్కలోకి లాగితే తల తిరుగుతుంది తప్ప ఏమీ తేలదు. తేడా ఒక్కటే: పదకొండున్నర గంటలు ఎక్కువ ఆగడం, దానికి 54,000. అంటే మీ కుటుంబం మొత్తానికి గంటకి దాదాపు 4,700 కూలి. మీ ఇద్దరి జీతాలతో పోల్చి చూసుకోండి, మంచి కూలే. కానీ ఆ కూలిలోంచి అక్కడే కొంత ఖర్చు పెట్టకపోతే పని జరగదు.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. నేనూ పడ్డాను. ఎనిమిదేళ్ల కిందట మా ఇద్దరు పిల్లలతో ఒక పెద్ద విమానాశ్రయంలో 12 గంటలు ఆగాం. ‘కుర్చీల్లోనే సర్దుకుందాం, గది ఎందుకు దండగ’ అన్నది నేనే, మా ఆవిడ కాదు. నాలుగో గంటకి చిన్నవాడు ఏడుపు అందుకున్నాడు. వాణ్ని ఊరుకోబెట్టడానికి కొన్న ఐస్‌క్రీములు, బొమ్మలు, చివరికి విసిగిపోయి ఎక్కువ ధరకి తీసుకున్న గది, అన్నీ కూడితే ముందే గది తీసుకుని ఉంటే అయ్యేదానికి రెట్టింపు. ఇతరులకి డబ్బు సలహాలు చెప్పే వృత్తి మనది మరి.

కాబట్టి మీ లెక్కలో మొదటి పద్దు మంచం. మీరు ఉదయం 6కి దిగుతారు కానీ సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది. పిల్లల ఒంటికి అది తెల్లవారుజామున మూడున్నర. చెన్నైలో అర్ధరాత్రి దాకా మేలుకుని, విమానంలో నాలుగు గంటల కునుకు తీసిన పిల్లలకి అప్పుడు కావలసింది చూడదగ్గ ప్రదేశాలు కాదు. చాంగీ విమానాశ్రయం లోపలే, ఇమ్మిగ్రేషన్ దాటక్కర్లేకుండా, గంటల లెక్కన ఇచ్చే ట్రాన్సిట్ హోటళ్లున్నాయి. ఉదయం 6:30 నుంచి మధ్యాహ్నం దాకా ఒక గది ముందే బుక్ చేయండి. ఇద్దరు పిల్లల్ని అదే గదిలో ఉంచనిస్తారా అని అడిగి చేయండి. ధర తేదీని బట్టి మారుతుంది. నేను 10,000 వేశాను.

సింగపూర్ డాలర్‌ని 70 రూపాయలనుకుంటే, తిండికి 80 డాలర్లు, అంటే 5,600. ఆటలకీ పిల్లల ముచ్చట్లకీ 50 డాలర్లు, 3,500. ఊహించని వాటికి 4,000 పక్కన పెట్టండి. మొత్తం 23,100. 54,000లోంచి తీసేస్తే మీకు నిజంగా మిగిలేది 30,900. ఇది బాగానే ఉంది, 14 గంటల టికెట్టే తీసుకోండి. అయితే ఎక్కడా 54,000 అని రాసుకోకండి. లేని 23,000 రెండుసార్లు ఖర్చయిపోతుంది.

మధ్యాహ్నం లేచాక బయటికి వెళ్లాలా అన్నది ఇంకో ప్రశ్న. మామూలుగా భారతీయులకి సింగపూర్ వీసా కావాలి. కానీ ఆస్ట్రేలియా లాంటి కొన్ని దేశాల వీసా చేతిలో ఉండి, ముందుకి టికెట్ ఖాయంగా ఉన్నవాళ్లని 96 గంటల వరకు వీసా లేకుండా లోపలికి రానిచ్చే వెసులుబాటు ఉంది. నలుగురికీ విడివిడిగా వీసాలు ఉండాలి, వాటి గడువు ఇంకా నెలకి పైగా ఉండాలి. టికెట్ కొనేముందు అక్కడి ఇమ్మిగ్రేషన్ వెబ్‌సైట్లో తాజా నిబంధన చూసుకోండి. అర్హత ఉన్నా చివరి మాట కౌంటర్లో ఉన్న అధికారిదే. బయటికి వెళ్లేవాళ్లు దిగడానికి మూడు రోజుల ముందు నుంచి ఆన్‌లైన్లో అరైవల్ కార్డు నింపాలి. అది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్ ఏదైనా కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

అయిదున్నర గంటలకి పైగా, 24 గంటల లోపు ఆగేవాళ్లకి చాంగీవాళ్లు ఉచితంగా రెండున్నర గంటల బస్సు యాత్ర నడుపుతారు. అందరూ దాన్నే పొగుడుతారు. రెండేళ్లు కూడా నిండని బాబుతో వద్దంటాను నేను. గుంపుతో పాటు ఎక్కాలి, దిగాలి, మధ్యలో ఏడిస్తే వెనక్కి రాలేం. దానికన్నా విమానాశ్రయాన్ని ఆనుకునే ఉన్న జ్యువెల్ అనే షాపింగ్ మాల్‌కి వెళ్లండి. 2019లో తెరిచారు. అద్దాల గోపురం నడినెత్తి నుంచి 40 మీటర్ల ఎత్తున నీళ్లు పడుతుంటాయి. కట్టడం లోపల ఇంత ఎత్తు జలపాతం ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. చూడ్డానికి టికెట్ లేదు. మన తలకోనకి కొండెక్కి వెళ్లిన పాపకి ఏసీలో జలపాతం చూపించండి, ఏమంటుందో వినాలి. పైన ఆటల పార్కుకి మాత్రం టికెట్ ఉంది. ఆ 3,500 దానికే.

ఇమ్మిగ్రేషన్లో కాదన్నా రోజేమీ పాడవదు. మూడో టెర్మినల్లో లోపలే సీతాకోకచిలుకల తోట ఉంది, ఉచితంగా సినిమాలు వేసే హాలుంది, పిల్లల ఆటస్థలాలున్నాయి, బాబు గుడ్డలు మార్చడానికి గదులున్నాయి. ఒక టెర్మినల్ నుంచి ఇంకోదానికి చిన్న రైలు తిరుగుతుంది. ఐదేళ్ల పిల్లలకి ఆ రైలే పెద్ద వినోదం, దానికీ డబ్బుల్లేవు.

ఊళ్లోకి వెళ్లి తీరాలంటే సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడి ఉంది, 1855లో మొదలైంది. ఆ చుట్టుపక్కల ఇడ్లీ, దోసె దొరుకుతాయి. కానీ గుడి మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు, మీ విమానానికి ఆ వేళ కుదరదు. పొద్దున్నే వెళ్లాలంటే పిల్లల నిద్ర చెడాలి. తిరుపతికి గంటన్నర దూరంలో ఉన్నవాళ్లకి పెరుమాళ్ల దర్శనానికి కొదవేముంది, ఈసారికి పిల్లల్ని పడుకోనివ్వండి. వెళ్లేవాళ్లయితే ఒక్క మాట: అక్కడ మామూలు టాక్సీలో పిల్లలకి ప్రత్యేక సీటు లేకపోయినా చట్టం ఒప్పుకుంటుంది, యాప్‌లో పిలిచే ప్రైవేటు కార్లలో ఒప్పుకోదు. మెట్రోలో 90 సెంటీమీటర్ల లోపు పిల్లలకి టికెట్ అక్కర్లేదు.

ఇప్పుడు మీరు అడగని విషయం, నాకు అన్నింటికన్నా పెద్దగా కనిపించింది. బాబుకి జూన్ 4కి రెండేళ్లు. మీ తిరుగు ప్రయాణం జూన్ 9న. మీరు ఉత్తరంతో జత చేసిన ఏజెంటు విడి లెక్క ప్రకారం 2,04,000లో పెద్దవాళ్లకి 70,000 చొప్పున, పాపకి 56,000, బాబుకి 8,000. అంటే బాబుకి రెండువైపులా ఒడిలో కూర్చునే శిశువు ఛార్జీయే వేశాడు. రెండేళ్లు నిండిన రోజు నుంచి బిడ్డకి సొంత సీటు టికెట్ ఉండాలి. తిరుగు ప్రయాణానికి పాప ఛార్జీలో సగం, 28,000 పడుతుంది. శిశువు ఛార్జీలో సగం 4,000 తీసేస్తే 24,000 అదనం. కొన్ని సంస్థలు మొత్తం ప్రయాణానికీ పిల్లల ఛార్జీయే అడుగుతాయి. బుక్ చేసేటప్పుడు బయటపడితే సరే, కౌంటర్ దగ్గర బయటపడితే ఆరోజు ధర కట్టాలి.

14 గంటలు ఆగి మీరు మిగిల్చేది 30,900. అందులో ముప్పాతిక వంతుకి పైగా ఈ అయిదు రోజులు తినేస్తాయి. తిరుగు ప్రయాణాన్ని జూన్ 2కి మార్చగలరా? బళ్లు తెరిచేది రెండో వారంలో కాబట్టి మీకు ఇబ్బంది ఉండదు. తోతాపురి కాయ ఫ్యాక్టరీలకి రావడం మొదలయ్యేది జూన్‌లోనే కాబట్టి మీవారికి ఇంకా నయం, సీజన్ మొదట్లో సెలవు అడిగే బాధ తప్పుతుంది. పుట్టినరోజుకి అక్కావాళ్లింట్లో కేకు కోయాలన్న కోరిక ఉంటే కాదనను. ఆ కేకు 24,000 అని తెలిసి కోయండి.

చిన్నవి కొన్ని. సింగపూర్‌లో క్రెడిట్ కార్డు వాడితే చాలా కార్డులు మూడున్నర శాతం, దానిపై జీఎస్టీ కలిపి వందకి 4 రూపాయల 13 పైసలు అదనంగా పట్టుకుంటాయి. 23,100 మీద అది వెయ్యి లోపే, దానికోసం కంగారు పడొద్దు. అయిదు వారాల మెల్‌బోర్న్ ఖర్చుకి మాత్రం ముందే అక్కడి డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డు మేలు. కార్డు గీసినప్పుడు ‘రూపాయల్లో కడతారా’ అని మెషీన్ అడగొచ్చు. వద్దని అక్కడి డాలర్లే నొక్కండి. రూపాయల్లో అయితే మారకం రేటు దుకాణం వైపు నుంచి పడుతుంది, అది దాదాపు ఎప్పుడూ మనకి నష్టమే.

ప్రయాణ బీమాలో ఆస్ట్రేలియాతో పాటు సింగపూర్ కూడా ఉందా చూడండి. పిల్లలకి జ్వరం వచ్చేది దారిలోనే. కార్డు మీద లాంజ్ ఉచితమని చెబితే పాపకి ఉందా అని అడగండి, చాలాచోట్ల రెండేళ్లు దాటిన పిల్లలకి విడిగా తీసుకుంటారు. లాంజ్‌లో ఉండనిచ్చేది కూడా మామూలుగా రెండు మూడు గంటలే, గదికి అది బదులు కాదు. మెల్‌బోర్న్‌లో తెల్లవారుజామున దిగుతారు, మన మే నెల వాళ్లకి చలికాలం ముంగిలి. స్వెట్టర్లు పెద్ద పెట్టెలో కాకుండా చేతి సంచిలో ఉంచండి.

అక్కావాళ్లకి కట్టే మూటలో గసగసాలు వద్దు, సింగపూర్‌లో వాటిపై నిషేధం ఉంది. ఆస్ట్రేలియాలో దిగేముందు ఇచ్చే కార్డులో నెయ్యి, లడ్డూ, పచ్చడి, పొడులు ఏమున్నా రాయండి. రాస్తే పోయేది ఆ వస్తువే. దాచి దొరికితే జరిమానా.

సిప్ గురించి. మిగిలిన 30,900 చేతికొచ్చే నెలలోనే పాప స్కూలు ఫీజు కట్టాలి, పైగా టికెట్లకి తీసిన ఎఫ్‌డీ ఖాళీగా ఉంటుంది. ముందు ఫీజు, తర్వాత ఎఫ్‌డీ నింపడం. చీటీ పూర్తయి డబ్బు వచ్చిన నెల నుంచి ఆ వాయిదా మొత్తాన్నే పాప పేరున సిప్‌గా మార్చుకుందాం, నెలనెలా కట్టే అలవాటు మీకు ఎటూ ఉంది. ఇప్పటికి మాత్రం ఏజెంటుకి ఫోన్ చేసి జూన్ 2 తిరుగు ప్రయాణానికి ధర ఎంతో అడిగి, ఆ అంకె నాకు రాయండి.